చదువని పుస్తకముల ఋణము

పుస్తకమునకు రెండు వెలలు కలవు. మొదటిది దుకాణములో నిచ్చు రూపాయలు; రెండవది దానిని చదువుటకు వెచ్చించు కాలము. మొదటి వెలను ఒక్క నిమిషమున చెల్లింపవచ్చును. రెండవ వెలను దినదినము కొంచెము కొంచెముగా చెల్లింపవలెను. ఈ రెండును చెల్లించినగాని పుస్తకము నిజముగా మన సొత్తు కానేరదు. మొదటిది మాత్రమే చెల్లించి అలమరలో నిలిపిన పుస్తకము సగము కొన్న వస్తువువంటిది. దానికి మనము కాలమును బాకీపడియున్నాము. అట్టి బాకీపుస్తకములు మన యిండ్లలో నెట్లు పేరుకొనుచున్నవో, వానిని వరుసగా చదివి తీర్చుటవలన సంసారమునకు ధనమెట్లు మిగులునో, విద్యార్థికి అందువలన గలుగు మేలెట్టిదో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ విషయము మన ప్రాంతమునకు మిక్కిలి తగినది. సంగారెడ్డి, పటాన్‌చెరువుల నడుమనున్న నేల యొకప్పుడు సేద్యపు నేల. 1960వ దశకమున రామచంద్రాపురమునందు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము వెలసెను. 1970వ దశకమునుండి పటాన్‌చెరువున పారిశ్రామికవాడ పెరిగెను. పిమ్మట బొల్లారము, ఇస్నాపురము, పాశమైలారము మున్నగు గ్రామములకును యంత్రముల ధ్వని వ్యాపించెను. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము స్థాపింపబడెను. 2008లో నెలకొల్పబడిన హైదరాబాదు ఐ.ఐ.టి. తొలుత ఆ కర్మాగారపు ఆవరణమునందే తరగతులు నడపి, తరువాత కంది గ్రామమున తన స్వంత భవనములకు చేరెను.

మా పాఠశాలకు బిడ్డలను పంపు తలిదండ్రులలో పలువురు ఈ ప్రాంతపు ఫ్యాక్టరీలలో మూడు షిఫ్టులలో పనిచేయువారే. తమ బిడ్డ తమవలె రాత్రులు యంత్రముకడ నిలువరాదని వీరందరి కోరిక. ఆ కోరిక బజారులో పుస్తకరూపము దాల్చును. చీర కొనుటకు వెనుదీయు తల్లి పుస్తకము కొనుటకు వెనుదీయదు. ఆమె తలంపు ఎంతయు గౌరవింపదగినది. అందువలననే, ఆమె కొనిపెట్టిన పుస్తకము సంవత్సరము గడచినను విప్పబడక యున్నచో మేము విచారింతుము. ఆ యట్టలనడుమ నొక తండ్రి చేసిన రాత్రిపని నిరుపయోగముగా పడియున్నది గదా!

ఇట్టి యిండ్లకు పుస్తకము లెన్ని త్రోవల వచ్చునో చూడుడు. పాఠశాల తెరచినప్పుడు పాఠ్యపుస్తకములతోపాటు గైడులు వచ్చును. ఒక గైడు చాలదని పొరుగింటి బాలునికడ చూచిన మరియొకటి వచ్చును. ఉద్యోగముల ప్రకటన వెలువడెనని వినగానే పెద్దకుమారునికై పోటీపరీక్షల గ్రంథములు సంచినిండ వచ్చును. ఆదివారమునాడు హైదరాబాదునకు పోయినవారు కోఠీ, ఆబిడ్స్ ప్రాంతముల కాలిబాటలపై అమ్ము పాతపుస్తకములను చౌకయని కొనితెత్తురు. నగరమున జరుగు పుస్తక ప్రదర్శనమునకు పోయినవారు రిక్తహస్తములతో మరలుట యరుదు. బహుమానముగా వచ్చినవి కొన్ని. బంధువులు విడిచిపోయినవి కొన్ని. ఇవిగాక, సెల్‌ఫోనులలో దాచుకొని మరచిన పుస్తకముల కంతేలేదు.

కొన్న పుస్తకమును చదువక పేర్చియుంచుట ఒక్క దేశమున గనబడు అలవాటు కాదు. జపానువారు దీనికొక ప్రత్యేకమైన పేరే కల్పించుకొనిరి. చదువని పుస్తకములను కుప్పగా పేర్చుటను వారు ‘త్సుందొకు’ అందురు. పేర్చియుంచుట అను మాటను, చదువుట అను మాటను కలిపి హాస్యముగా నల్లిన యీ పదము పంతొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున పుట్టినది. ముద్రణము పెరిగి పుస్తకములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చిన దేశమున నిట్టి పదము పుట్టుట సహజము.

అసలు కారణమేమి? పుస్తకమును గొనుటకును, చదువుటకును మనసున గలుగు తృప్తి మొదట నొకేవిధముగా నుండును. వ్యాకరణ గ్రంథమును కొనినవాడు దానిని ఇంటికి తెచ్చునప్పుడు తనకు సగము వ్యాకరణము వచ్చినట్లే భావించును. ఆ తృప్తి రెండు మూడు దినములుండి తగ్గును. తగ్గగానే వేరొక పుస్తకముమీదికి మనసు పోవును. కొనుట సులభము గనుకను, చదువుట శ్రమ గనుకను, మనసు సులభమైన దానినే మరల మరల కోరును. పసివారును దీనిని చూచి నేర్చుకొందురు. అలమరనిండ పుస్తకములుండి, ఇంటిలో నెవ్వరును వానిని తీయుట చూడని బాలుడు, పుస్తకమనగా కొని నిలుపు వస్తువని గ్రహించును. ఈ పాఠమును మాన్పించుట ఉపాధ్యాయులకు మిక్కిలి కష్టము.

పూర్వము మన జిల్లాలవారి స్థితి దీనికి విరుద్ధముగా నుండెను. నిజాము రాజ్యమున తెలుగు పుస్తకము దొరకుటయే కష్టము. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు అందుకు పాటుపడిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వెలసెను. పిమ్మట ఆంధ్రోద్యమమువారు పల్లెలలో పఠనాలయములను నెలకొల్పుటను తమ ముఖ్యకార్యములలో నొకటిగా చేసికొనిరి. 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో జరిగెను. ఆ జోగిపేట నేడు మన సంగారెడ్డి జిల్లాలోనిదే. ఆ కాలమున గ్రంథాలయములో నొక పుస్తకము పలువురి చేతులు మారెడిది. నేడు ఒక యింట పలు పుస్తకములుండి, వానిలో అనేకము ఒక్క చేతికైనను ఎక్కకున్నవి. పుస్తకములు లేమి గడచినది. చదువు లేమి గడువవలసియున్నది.

ఆ ప్రతాపరెడ్డిగారి చరిత్రమునుండియే మరియొక విషయమును జ్ఞాపకము చేయుదుము. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, ఆయన వాదములకు దిగక, ఈ ప్రాంతపు కవుల రచనలను సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. ఆ కవులెవ్వరును కొత్తగా పుట్టినవారు కారు. వారు ఇదివరకే మన నడుమ నుండిరి. వెదకినవాడు లేకపోవుటచేత లేరని తలపబడిరి. చంకలో బిడ్డ నుంచుకొని ఊరెల్ల వెదకినట్లను సామెత మనవారికి తెలిసినదే. ఇంటిలోనున్న పుస్తకమును చూడక, అట్టిదానినే బజారులో వెదకి కొనువారిని మేము పలుమారు చూచుచున్నాము. ఒకే నిఘంటువు ఒక యింట మూడు ప్రతులుండుటయు గలదు.

ఇక వెల సంగతి. పుస్తకపు వెలను రూపాయలలో లెక్కించినచో అది స్వల్పముగా దోచును. పనిగంటలలో లెక్కించినచో దాని నిజస్వరూపము తెలియును. ఒక కార్మికునికి ఎనిమిది గంటల పనికి 500 రూపాయలు వచ్చునని యనుకొందము. 250 రూపాయల పుస్తకమనగా నాతనికి నాలుగు గంటల శ్రమ. నెలకు రెండు పుస్తకములు కొనినచో ఒక పూర్తిదినపు పని పుస్తకములకు పోవును. సంవత్సరమునకు పండ్రెండు దినముల పని, అనగా 6,000 రూపాయలు. చదివిన పుస్తకమునకైన ఈ శ్రమ వ్యర్థము కాదు. చదువనిదానికైన ఇది వట్టి సెలవు.

అబ్రహాము లింకను బాల్యమునగూర్చి చరిత్రకారులు చెప్పు కథ యొకటి కలదు. బీదవాడైన ఆ బాలుడు పొరుగువానికడ వాషింగ్టను జీవితచరిత్రమును ఎరువు తెచ్చుకొనెనట. రాత్రి వర్షమునకు ఆ పుస్తకము తడిసి చెడెను. వెల యిచ్చుకొనుటకు చేత పైకము లేక, ఆతడు ఆ పొరుగువాని పొలమున మూడు దినములు పనిచేసి దానిని తన సొంతము చేసికొనెను. మూడు దినముల చెమటతో వచ్చిన పుస్తకమును ఎవ్వడును చదువక విడువడు గదా! ఈ లింకను చరిత్రమును గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తెలుగున రచింపగా, 1906లో హైదరాబాదునందు స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలివారు 1907లో ప్రకటించిరి.

ఇప్పుడు పుటల లెక్క చూతము. విద్యార్థులు దీనిని పలకమీద వేసి సరిచూచుకొనవచ్చును. ఒక యింట చదువని పుస్తకములు 60 ఉన్నవనియు, ఒక్కొక్కటి సగటున 200 పుటలు గలదనియు అనుకొందము. మొత్తము 12,000 పుటలు. దినమునకు 10 పుటల చొప్పున చదివినచో 1,200 దినములు, అనగా మూడు సంవత్సరముల మూడున్నర నెలలు పట్టును. ఇంతలో నెలకు రెండు కొత్తపుస్తకములు కొనినచో సంవత్సరమునకు 4,800 పుటలు చేరును. చదువునవి 3,650 మాత్రమే. కావున కుప్ప తరుగుటకు మారుగా ఏటేట 1,150 పుటలు పెరుగును. ఎంత శ్రద్ధతో చదివినను ఆతడు ఎన్నటికిని ఒడ్డుచేరడు. అదే మనిషి కొనుటను ఒక్క సంవత్సరము నిలిపినచో 18 పుస్తకములు చదివి ముగించును. 6,000 రూపాయలు చేతనుండును. చెరువునకు గండిపడినప్పుడు మొదట గండిని పూడ్చుదురు. పిమ్మట నీటిని గూర్చి ఆలోచింతురు. ఇచటను అట్లే మొదట కొనుట నాపవలెను.

పని ప్రారంభించు విధమును చెప్పెదము. ఒక సెలవుదినమున ఇంటిలోని పుస్తకములనన్నిటిని క్రిందికి దింపి, దుమ్ము దులిపి, నేలపై పరచవలెను. చెదలు, రామబాణపు పురుగులు పట్టినవి వేరుచేయవలెను. ఒక నోటుపుస్తకమున వరుససంఖ్య, పుస్తకపు పేరు, పుటల సంఖ్య, కొన్న వెల అను నాలుగు గడులు గీచి వ్రాయవలెను. ఈ జాబితాను ఇంటి బాలబాలికలచేత వ్రాయించుట మంచిది. దస్తూరి బాగుపడును, ఇంటిలోని సొత్తు తెలియును. తుదకు వెలలను కూడి మొత్తము వేయవలెను. చదువని పుస్తకముల మొత్తము వేరుగా వేసినప్పుడు అనేకులకు అది ఒక నెల ఇంటి అద్దెకంటె మించియుండుట ఆశ్చర్యము గొలుపును.

పిమ్మట పుస్తకములను నాలుగు దొంతరలు చేయవలెను. మొదటిది, మొదటినుండి చివరవరకు చదువదగినవి. రెండవది, అవసరము పడినప్పుడు మాత్రము చూడవలసినవి. నిఘంటువులు, పటముల పుస్తకములు, వైద్యగ్రంథములు ఇట్టివి. వీనిని చదువని పుస్తకముల లెక్కలో చేర్చరాదు. మూడవది, కాలము చెల్లినవి. నాలుగవది, మంచివే యైనను మనకు పనికిరాక ఇతరులకు పనికివచ్చునవి.

మూడవ దొంతర విషయమున జాగ్రత్త యవసరము. పాతదైనంతమాత్రమున పుస్తకము చెడదు. కొత్తగా నున్నంతమాత్రమున చెల్లుబాటు కాదు. ఒక ఉదాహరణము: 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు జిల్లాలు 10. 2016 అక్టోబరు 11వ తేదీన అవి 31 ఆయెను. ఆ దినముననే సంగారెడ్డి జిల్లా మెదకు జిల్లానుండి విడివడినది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు చేరి మొత్తము 33 ఆయెను. కాబట్టి 2015లో అచ్చైన పోటీపరీక్షల గ్రంథమున జిల్లాల ప్రకరణము నేడు పనికిరాదు. కాని మంజీర గోదావరికి ఉపనది యనియు, అది మహారాష్ట్రమందలి బాలాఘాట్ కొండలలో పుట్టుననియు చెప్పు ప్రకరణము నేటికిని చెల్లును. గణితము, వ్యాకరణము, పూర్వచరిత్రము త్వరగా కాలముచెల్లునవి కావు. ఇట్లు ప్రకరణముల వారీగా చూచి, మారిన భాగమునకు మాత్రము కొత్తసమాచారమును వ్రాసి అంటించుకొన్నచో, కొత్త గ్రంథమును గొను సెలవు పలుమారు తప్పును. ఉద్యోగ ప్రకటన వెలువడినంతనే సంచినిండ కొనుటకు ముందు ఈ పరీక్ష చేయుడని యువకులకు మా సలహా. పాఠ్యక్రమము మారినచో మాత్రము సందేహింపక కొనవలెను. లోభము పరీక్షలో అక్కరకు రాదు.

దాచుటయంతయు దోషమని మా యభిప్రాయము కాదు. దాచవలసిన రీతిని నేర్చుకొనుటకు మనము దూరము పోవలసిన పనిలేదు. పటాన్‌చెరువునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాలయమున విత్తనముల భాండాగారము కలదు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మున్నగు పంటల విత్తనములు లక్షకు పైబడిన నమూనాలు అచట భద్రపరుపబడియున్నవి. కొన్నిటిని 4 డిగ్రీల సెంటిగ్రేడు చలిలోను, దీర్ఘకాలము నిలువవలసినవానిని సున్నకు 20 డిగ్రీలు క్రింది చలిలోను ఉంచుదురు. ప్రతి నమూనాకును లెక్క కలదు. అప్పుడప్పుడు మొలకెత్తు శక్తిని పరీక్షింతురు. అది తగ్గినచో పొలమున విత్తి కొత్తవిత్తనము తీయుదురు. కోరిన శాస్త్రజ్ఞులకు పంపుదురు. లెక్కయు, పరీక్షయు, వినియోగమును ఉన్నందుననే అది భాండాగారమైనది. ఈ మూడును లేక గోనెసంచిలో మరచిన విత్తనము పురుగుపాలగును. ఇంటి పుస్తకములకును ఇదియే ధర్మము.

ఇక చదువు విధము. షిఫ్టులలో పనిచేయువారికి దినమునకొక నియతకాలము చిక్కదు; ఒక వారము పగలు, మరియొక వారము రాత్రి. కావున ఇన్నిగంటలకు చదువుదునని ప్రతిజ్ఞ పట్టుటకంటె, నిద్రించుటకు ముందు పది పుటలు అని పుటలతో నియమము చేసికొనుట మేలు. కంపెనీ బస్సు వచ్చువరకు నిలుచు కాలము, సంగారెడ్డినుండి పటాన్‌చెరువునకు పోవుచు వచ్చుచు బస్సులో గడచు కాలము, ఆసుపత్రిలో వరుసలో కూర్చుండు కాలము ఇందుకు వినియోగపడును. ఒకసారి ఒక పుస్తకమునే చేపట్టవలెను. మొదట చిన్నదానిని తీసికొనుట మంచిది. నూరు పుటల పుస్తకము పది దినములలో ముగియును. ఆ ముగింపు రెండవదానికి ఉత్సాహమిచ్చును. ముగించిన దినమున జాబితాలో ఆ పేరునకెదురుగా తేదీ వ్రాసి, దానిలో నేర్చిన యొక విషయమును రెండు వాక్యములలో వ్రాయవలెను.

చదువ మొదలిడిన ప్రతిపుస్తకమును ముగింపవలెనను నియమము లేదు. ముప్పది నలుబది పుటలు శ్రద్ధగా చదివిన పిమ్మటను రుచింపనిచో, ప్రయోజనము తోపనిచో, దానిని నాలుగవ దొంతరకు చేర్చవచ్చును. మనకు చేదైనది మరియొకరికి తీపి కావచ్చును. మన వాడలలో ఒడిషా, బీహారు మున్నగు రాష్ట్రములనుండి వచ్చిన కార్మికుల కుటుంబములు అనేకము కలవు. మనయింట నూరకున్న హిందీ పుస్తకము, ఆంగ్ల వాచకము, బొమ్మల పుస్తకము వారి బిడ్డలకు కొత్తబట్టవలె సంతోషకరమగును. ఇచ్చుట నష్టము కాదు. కొన్న వెలకు ప్రయోజనము వేరొకయింట సిద్ధించుటయే.

కోరికను పూర్తిగా నణచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. దానికొక త్రోవ చూపవలెను. కొనవలెననిపించిన పుస్తకపు పేరును నోటుపుస్తకపు చివరిపుటలో తేదీతో వ్రాసి, నెలదినములు ఆగవలెను. నెల గడచిన తరువాతను అది కావలెననిపించినచో, ఇంటిలోని మూడుపుస్తకములు ముగించి, నాలుగవదిగా దానిని కొనవచ్చును. అట్లు వ్రాసిన పేర్లలో సగము నెల తిరుగకముందే మనసునుండి జారిపోవుట మీరే చూడగలరు. నిలిచినవి నిజముగా కావలసినవి. వానిని కొనినప్పుడు పశ్చాత్తాపముండదు.

కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: ఇది గ్రంథాలయమున దొరకునా? మన రాష్ట్రమున గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపన్ను వసూలుచేయబడును. ఇంటిపన్ను 2,000 రూపాయలైనచో అందు గ్రంథాలయమునకు 160 రూపాయలు. ఈ పైకమును మనము చెల్లించియే యున్నాము. జిల్లా గ్రంథాలయమునకు ఒక్కమారైనను పోని గృహస్థుడు ఏటేట పుస్తకములకై పన్ను కట్టుచు, మరల అవే పుస్తకములను బజారులో కొనుచున్నాడు. గ్రంథాలయమును వాడుకొనుట దానమును గోరుట కాదు. మన సొమ్మును మనము వాడుకొనుటయే. గ్రంథాలయశాస్త్రమునకు మనదేశమున పితామహుడైన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో మొదటిది పుస్తకపు ఉపయోగమును గూర్చినదే యగుట గమనింపదగినది.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. అందరును కొనుట మానినచో తెలుగు గ్రంథకర్తలును, ప్రకాశకులును ఏమగుదురని యొకటి. ఇది తోసివేయదగిన మాట కాదు. మన భాషలో పుస్తకములు అచ్చువేయువారి కష్టము పెద్దది. కాని చదువక కొనువాడు కొన్నాళ్లకు విసిగి కొనుట మానును; చదివి కొనువాడు జీవితాంతము కొనును, నలుగురికి చెప్పి వారిచేతను కొనిపించును. చదువరియే ప్రకాశకునికి నిలుకడగల ఆధారము. రెండవ ఆక్షేపణ బిడ్డలను గూర్చినది: పొదుపను పేర బాలురకు కావలసిన పుస్తకములను నిరాకరించువారుందురేమో! అట్టివారికి ఈ వ్యాసము సాక్ష్యము కారాదు. పాఠమునకు కావలసినది, బిడ్డ అడిగి అడిగి యెదురుచూచుచున్నది తప్పక కొనవలెను. మిగిలిన పైకము దానికొరకే గదా!

తలిదండ్రులలో చదువురానివారు తమకిందులో పాలులేదని తలపరాదు. వారికి మేము చెప్పునది యొక్కటే. రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డను పిలిచి, అలమరలోని యొక పుస్తకము తెమ్మని, పది నిమిషములు బిగ్గరగా చదివి వినిపింపుమనుడు. విన్న తరువాత, “దీనికి అర్థమేమి నాయనా?” అని అడుగుడు. చెప్పుటకై బిడ్డ మరల చదువుకొనును. తాను కష్టపడి కొన్న పుస్తకమున నేమున్నదో తల్లి వినును. ఒక్క వెలకు ఇద్దరు చదువరులేర్పడుదురు. పుస్తకమును మాటలాడించుటకు ఇంతకంటె చౌకయైన ఉపాయము మాకు తెలియదు.

విద్యార్థులారా, వేసవిసెలవులు సమీపించుచున్నవి. సెలవులలో నలువది దినములు, దినమునకు ఇరువది పుటలు చదివినచో 800 పుటలగును. అనగా 200 పుటల పుస్తకములు నాలుగు. ఈ నాలుగును మీ యింటనే యున్నవి. వానికై మీ తండ్రిగారు మరల నొక రూపాయి ఈయ నక్కరలేదు. సెలవులు మొదలైన మొదటి ఆదివారమున జాబితా వ్రాయుడు. వ్రాసి మీ అమ్మగారికి చూపి, వానిలో నేది మొదట చదువవలెనో ఆమెనే అడుగుడు. పాఠశాల తెరచిన దినమున ఆ నోటుపుస్తకములను మాకు చూపుడు. కొన్న పుస్తకముల సంఖ్యను మేమడుగము, ముగించిన తేదీలనే చూతుము. మిగిలిన ధనము ఒక తమ్మునికి బూట్లు కావచ్చును, ఒక చెల్లెలికి ఫీజు కావచ్చును, లేక మీ తండ్రిగారికి పండుగనాడు అదనపు షిఫ్టు తప్పి ఇంటియందుండు అవకాశము కావచ్చును.